పదుగురిలో పదవవాడు



నేటి ప్రసంగ విషయము మనకందఱకును నిత్యానుభవములోనిదే. మనుష్యుడు ఒంటరిగా నున్నపుడు ఒక విధముగను, పదిమంది నడుమ నున్నపుడు మఱియొక విధముగను ఏల వర్తించును? ఇంటియొద్ద వివేకముతో మాటలాడువాడు సభలో ఆ మాటనే నాలుక చివరకు తెచ్చుకొని ఏల మ్రింగివేయును? చీమకు సైతము అపకారము తలపనివాడు గుంపులో జేరినపుడు కఱ్ఱ యెట్లు పట్టును? అట్లే, గుప్పెడు గింజలు విడువ మనసొప్పనివాడు పదుగురు చూచుచుండగా పొలమునే యెట్లు దానమిచ్చును? ఇవి ప్రొద్దుపోకకు వేసికొను ప్రశ్నలు కావు. ఊరిలో తగవు తీర్చువారు, మంచిచెడ్డలకు ముందు నిలుచువారు ఈ మర్మ మెఱుంగనిచో, వారి కన్నుల యెదుటనే అన్యాయము న్యాయపు వేషము వేసికొని కూర్చుండును.

మన పూర్వులు దీనిని గమనింపకపోలేదు. గడ్డలికాప్రవాహ న్యాయమని దీనికొక పేరు పెట్టిరి. ముందు నడచు గొఱ్ఱె యేటిలో దిగినచో వెనుక నున్నవన్నియు దిగుననుట దాని భావము. కాని ఈ న్యాయమును జూపి మనుష్యులెల్లరు గొఱ్ఱెలని నవ్వుట సులభమే గాని న్యాయము గాదు. ఒకరిని చూచి ఒకరు నడచుట లోకములో అనేక పర్యాయములు మేలే చేయును. అడవిలో క్రొత్తవాడు నలుగురి అడుగుజాడలు పడిన బాటనే పట్టును. వాగు దాటవలసినవాడు ఆ యూరివారు దిగు రేవుననే దిగును. అందఱును విడిచిన నూతి నీరు త్రాగడు. తానొక్కడే అన్నియు పరీక్షించి తెలిసికొనవలె ననినచో ఆయువు చాలదు గదా!

అంతియే కాదు. ఒకరి కన్ను ఒకరిపై నుండుట చేతనే అనేక ధర్మములు నిలిచియున్నవి. మా భద్రాచల ప్రాంతపు కోయగూడెములలో క్రొత్తల పండుగ యొకటి కలదు. చెట్టున కాయ పక్వమునకు వచ్చినను, చేనిలో పంట చేతికందినను, పండుగచేసి వేల్పులకు సమర్పించినదాక క్రొత్తదానిని నోట బెట్టరాదని కట్టుబాటు. ఆ చెట్లకు కావలివాడు లేడు, కంచె లేదు. చిన్నపిల్లవాడు సైతము చేయి చాపడు. ఏలయన, ఎవ్వరును చాపుట లేదు. లేతకాయ కోతకు గురిగాక నిలుచుటకు, ఇంటింటికి పంట యందుటకు ఆ కట్టుబాటు తోడ్పడుచున్నది. కావలిభటులు చేయలేని పని పదుగురి నడవడి చేయగలదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలయును?

అట్లయిన దోషమెక్కడ? నాకు తోచిన సమాధానమిది. ముందు నడచువాడు చూచి నడచుచున్నంతవఱకు వెనుక నడచుట వివేకము. ముందువాడును మఱియొకని చూచియే నడచుచున్నచో, ఆ మఱియొకడు మనలనే చూచి నడచుచున్నచో, అప్పుడు దారి చూచువాడు ఒక్కడును లేడు. నూర్గురున్నారన్న ధైర్యమే గాని కన్ను ఒక్కటియు లేదు. పదుగురి మాటకు బలమెంత యని కొలుచుటకు ముందు, ఆ పదుగురిలో స్వయముగా చూచినవారెందఱు, విన్నదానిని మరల చెప్పినవారెందఱు అని విభజించుకొనవలయును. ముప్పదిమంది చెప్పినను చూచినవాడొక్కడే అయినచో అది యొక్క సాక్ష్యమే గాని ముప్పది సాక్ష్యములు గావు.

మనుష్యుడు గుంపునకు లొంగుటకు ముఖ్యముగా రెండు కారణములు కనబడుచున్నవి. మొదటిది సందేహము: నాకు తెలియదు, వారికి తెలిసియుండును అను తలంపు. రెండవది వెఱపు: నాకు తెలియును గాని, చెప్పినచో నలుగురు నవ్వుదురేమో, వెలివేయుదురేమో అను శంక. మొదటిది బుద్ధిని లొంగదీయును, రెండవది నాలుకను లొంగదీయును. చికిత్స చేయువాడు రోగమును గుర్తింపవలసినట్లు, పెద్దమనిషి ఎదుటివాడు ఏ కారణమున తలయూచుచున్నాడో గుర్తింపవలయును.

పంచతంత్రములో మేకను మోసికొనిపోవు బ్రాహ్మణుని కథ మీరెఱుగుదురు. మువ్వురు ధూర్తులు దారిలో అక్కడక్కడ నిలిచి, అయ్యా! కుక్కను భుజమున నేల మోయుచున్నారని ఒకరి తరువాత నొకరు అడిగిరి. మొదటివానిని ఆతడు కసరెను. రెండవవాని మాటకు సంశయించెను. మూడవవాని మాటకు మేకను దింపి, స్నానము చేసి ఇంటికి పోయెను. భుజముపై నున్న బరువు, చెవిలో నున్న అఱపు, ఇవి రెండును మువ్వురి మాట ముందు నిలువలేదు. ఇది నీతికథ గదా, నిజముగా ఇట్లు జరుగునా యని కొందఱు అడుగవచ్చును.

జరుగునని 1951వ సంవత్సరమున సాలొమన్ ఆష్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో పరీక్షించి చూపెను. ఒక గదిలో కొందఱు విద్యార్థులను కూర్చుండబెట్టి, ఒక అట్టముక్కపై ఒక గీతను, వేఱొకదానిపై మూడు గీతలను చూపి, ఈ మూడింటిలో మొదటి గీతతో సమానమైన దేదియని ఒక్కొక్కరిని పైకి చెప్పుమనెను. చిన్నపిల్లలకు సైతము తెలియు సంగతి. కాని ఆ గదిలో నిజముగా పరీక్షింపబడువాడు ఒక్కడే. తక్కినవారందఱు తప్పు చెప్పుటకు ముందుగా ఏర్పాటు చేయబడినవారు. వారందఱు ఒకరి వెంట నొకరు తప్పుగీతనే చూపగా, చివరి కూర్చున్న ఆ యొక్కడు ఏమి చెప్పవలయును? ఒంటరిగా నడిగినపుడు నూటికి ఒక్కటి కూడ తప్పనివారు, ఇట్టి సభలో సుమారు మూడింట నొక మాఱు గుంపుతో కలిసి తప్పు చెప్పిరి. నలుగురిలో మువ్వురు ఒక్క పర్యాయమైనను లొంగిరి. ఎన్నడును లొంగక నిలిచినవారు నాలుగవపాలు.

పెద్దలు మనసున నుంచుకొనవలసినది దీని తరువాతి భాగము. ఆ గుంపులో ఒకేయొక్కడు నిజము చెప్పునట్లు ఏర్పాటు చేసినపుడు, లొంగుబాటు నాలుగవవంతునకు పడిపోయెను. జవాబును పైకి చెప్పక కాగితముపై వ్రాసి ఇమ్మనినపుడును అది మిక్కిలి తగ్గెను. అనగా, గుంపు బలము అనుకొన్నంత గట్టి గోడ గాదు. ఒక్క ఇటుక కదిలినచో వెలుతురు వచ్చును. బడిపంతులుగా నిది నేను తఱచుగా చూచిన సంగతియే. పాఠము చెప్పి, అందఱకు తెలిసినదా యని యడిగినచో తరగతి యంతయు తలయూచును. ఒక పిల్లవాడు ధైర్యముచేసి, తెలియలేదండీ యని లేచినచో, వాని వెనుక అయిదాఱు చేతులు లేచును. అంతదాక ప్రతివాడును తక్కినవారికందఱకు తెలిసినదనియే తలంచి మిన్నకుండెను.

ఇక మన గోదావరి సంగతి చూతము. ఇచ్చటివారికి నీటిమట్టపు లెక్కలు కంఠపాఠములే. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులు దాటక నిలిచినది. వరద దొంగవలె చెప్పక వచ్చునది గాదు. ఎగువ ప్రాణహితలోను ఇంద్రావతిలోను నీరు పెరిగిన వార్త ముందుగనే వచ్చును. దిగువ కూనవరమువద్ద శబరి గోదావరిలో కలియు చోట నీరు వెనుకకు తన్నునని పల్లపు గ్రామములవారెల్లరు ఎఱుగుదురు. చాటింపు వేయుదురు, అధికారులు వత్తురు. అయినను ఇల్లు కదలుటకు ఆలస్యమేల జరుగును?

సామానులపై మమకారము, పశువుల చింత, పునరావాస కేంద్రములో పడరాని పాట్లు పడవలయునను శంక, ఇవియన్నియు కారణములే. కాని వీనిలో మఱియొకటి దాగియున్నది. గుమ్మములో నిలిచి ప్రక్కయింటివైపు చూతుము. వారు కదలలేదు, కావున భయము లేదనుకొందుము. ఆ ప్రక్కయింటి యజమానుడును అదే నిమిషమున మన గుమ్మమువంక చూచి, మాస్టారు కదలలేదు గదా, మనకేమి తొందర యని నిలిచియున్నాడు. ఇరువురి గుండెలలోను భయమున్నది. ఇరువురి ముఖములలోను ధైర్యమున్నది. ఒకరి ముఖము చూచి ఒకరు మోసపోవుదురు. నీరు మాత్రము ఎవరి ముఖమును చూడదు.

దీనికిని పరీక్ష కలదు. 1968లో లటానే, డార్లీ యను ఇరువురు శాస్త్రజ్ఞులు, కాగితములు నింపుచు కూర్చున్నవారి గదిలోనికి గోడ సందునుండి పొగ విడిచిరి. ఒంటరిగా నున్నవారిలో నూటికి 75 మంది లేచిపోయి చెప్పిరి. ఏమియు పట్టనట్లు కూర్చున్న ఇరువురి నడుమ నుంచబడినవారిలో పదింట నొక్కరే లేచి చెప్పిరి. తక్కినవారు కన్నులు నులుముకొనుచు, దగ్గుచు కూర్చుండిరే గాని కదలలేదు. పొగను కన్నులు చూచినవి. అది ప్రమాదమా కాదా యని నిర్ణయించినది మాత్రము ప్రక్కవారి ముఖములు. కనుకనే వరద హెచ్చరిక వచ్చిన దినమున ఊరి పెద్ద తన ఇంటి సామాను ముందుగా బండికెక్కించుట పిఱికితనము గాదు. అది వేయి మాటలకన్న గట్టి చాటింపు. ఆయన కదలినచో వీధి కదలును. ఆయన నిలిచినచో ఆయనను నమ్మి నిలిచిన ప్రాణములకు ఆయనయే పూచీదారు.

కదలకుండుట ఒక యపాయము. అందఱు ఒక్కమాఱుగా ఒక్కచోటికి కదలుట మఱియొక యపాయము. 2015 జూలై 14వ తేదీన గోదావరి పుష్కరముల మొదటి దినమున రాజమహేంద్రవరములో నొక్క స్నానఘట్టమువద్దనే త్రొక్కిసలాట జరిగి 25 మందికి పైగా యాత్రికులు మరణించిరి. గోదావరి తీరమంతయు గోదావరియే. ఆ పట్టణములోనే వేఱు ఘట్టములును కలవు. అయినను జనము ఉన్నచోటికే జనము పోవును. గుంపు పెద్దదగుకొలది, అక్కడనే విశేషమున్నదని వెనుకవారు తలంతురు. ముందు జరుగుచున్నది వెనుకవారికి కనబడదు. వెనుకవారి త్రోపిడిని ముందువారు ఆపలేరు. అందు ఎవ్వరును దుర్మార్గులు కారు. ప్రతివాడును ఒక్క యడుగే వేసెను. ఏర్పాటులు చేయువారి బాధ్యత వారిదే. అయినను, శ్రీరామనవమి కల్యాణమునకును ముక్కోటి ఏకాదశికిని జనసముద్రమును చూచు మన భద్రాచలమువారు ఈ సంగతిని మఱవరాదు.

ఇక మిక్కిలి బాధాకరమైన విషయమునకు వచ్చెదను. మన అడవి సరిహద్దు గ్రామములలో జ్వరములు ముమ్మరించినపుడు, పసిబిడ్డ చనిపోయినపుడు, చేతబడి యను మాట ఎక్కడనో పుట్టును. ఒకడు అనుమానముగా ననును. రెండవవాడు నిజముకాదని తలంచియు ఊరకుండును. ఆ యూరక యుండుటను మూడవవాడు అంగీకారముగా గ్రహించును. నాలుగవవానికి అది అందఱు ఎఱిగిన సంగతియై చేఱును. సాయంకాలమునకు ఒక ముసలివాడో, దిక్కులేని ఆడుదియో దోషియై నిలుచును. ఏ ఒక్కరిని ఏకాంతమున నడిగినను, నాకేమి తెలియును, అందఱు అనుచున్నారు అనును. ఆ అందఱు ఎవరో వెదకినచో దొరకరు. దొరకని ఆ అందఱి పేరిట ప్రాణము పోవుట మాత్రము నిజము.

ఇది అక్షరము రాని అడవివారి మౌఢ్యమని పట్టణవాసులు తలంపవలదు. 2018 మే మాసములో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవను వదంతి సెల్‌ఫోనుల ద్వారా తెలంగాణమంతట వ్యాపించినది. వాట్సాపులో ఆ వార్తను పంపినవారు చదువుకొన్నవారే. ఆ వదంతిని నమ్మిన గుంపుల చేతులలో నిరపరాధులు కొందఱు ప్రాణములు గోల్పోయిరి. రాజధాని యగు హైదరాబాదులో సైతము ఇట్టి ఘోరము జరిగెను. పూర్వము వదంతి కాలినడకను పోయెడిది, దారిలో నొక వివేకి యడ్డుపడుటకు వ్యవధి యుండెడిది. ఇప్పుడది నిమిషములో నూఱిండ్లకు చేఱును. ఒకే కబురు పది ఫోనులలో వచ్చినచో పదిమంది చెప్పినట్లు తోచును. అది ఒకే నోట వెడలిన మాటకు పది ప్రతిధ్వనులు మాత్రమే.

ఇంత చెప్పి గుంపునెల్ల నిందించి విడిచినచో అది సగము సత్యమే యగును. ఒకరిని చూచి ఒకరు ధైర్యము తెచ్చుకొనుటకు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలకన్న మంచి యుదాహరణము లేదు. 1990 తరువాతి సంవత్సరములలో అక్షరాస్యత కొఱకు ఏర్పడిన రాత్రిబడులలో వారు చదివిన వాచకమున, స్త్రీలు ఏకమై సారాదుకాణమును మూయించిన కథ యుండెను. అంతకుముందు ప్రతి ఇల్లాలును మగని త్రాగుడును తన తలవ్రాతగా, తన యింటి రహస్యముగా దాచుకొనుచుండెను. బడిలో నలుగురు కూర్చుండి ఆ పాఠము చదివినపుడు, నా యింటి దుఃఖమే నీ యింటను ఉన్నదా యని ఒకరి నొకరు కనుగొనిరి. సారా వేలములు ఆగిపోయినవి. ఊరినుండి ఊరికి ఆ యుద్యమము ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీన నాటి ఆంధ్రప్రదేశమంతట సారా నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. శాసనములు వచ్చును, పోవును. కాని అందఱి మనసులోను వేఱువేఱుగా దాగియున్న ఒక్క మాట పైకి వచ్చినపుడు దాని బలమెట్టిదో ఆ స్త్రీలు చూపిరి.

మఱియొకటి నల్లగొండ ప్రాంతపు పోచంపల్లిలో జరిగినది. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబాభావే యెదుట భూమిలేని హరిజనులు 80 ఎకరములు కావలెనని విన్నవించిరి. వినోబా సభవారినే యడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరము లిచ్చెదననెను. ఆ యొక్క లేచుటతో భూదానోద్యమము పుట్టినది. అంతకు మునుపు అడుగుటకే అసాధ్యమని తోచినది, ఒక్కడు ఇచ్చిన వెనుక ఇయ్యకపోవుటయే సిగ్గని తోచునంతగా మాఱినది. అయితే ఇందులోనే హెచ్చరికయు నున్నది. సభలో పదుగురి చూపునకు లోబడి ప్రకటించిన భూములలో సాగునకు పనికిరానివియు, పేదలచేతికి చేఱనివియు దేశమందంతట చాల మిగిలినవి. గుంపు దృష్టి చేతిని చాపింపగలదు. గుంపు చెదరిన తరువాత చేసిన బాసను నిలుపునది మనసు మాత్రమే.

కావున పెద్దలకు నా మనవి కొన్ని మాటలలో చెప్పెదను. పంచాయతిలో పెద్దవాడు ముందుగా తన యభిప్రాయము చెప్పరాదు. ఆయన నోరు విప్పినచో చిన్నవారి నోరు మూతపడును. అందఱికన్న చిన్నవానిని ముందడుగుడు, మీరు చివర మాటలాడుడు. అందఱు ఒక్కమాటగా నున్నపుడు సంతోషించి లేచిపోక, కాదను మాట చెప్పుటకై యొకనిని మీరే నియోగింపుడు. వాని మాట తప్పయినను, వానివలన తక్కినవారి నాలుకలు కదలును. ఒక మనుష్యునిపై దోషారోపణ వచ్చినపుడు, చూచినవారిని విన్నవారిని వేఱు చేసి, ఒక్కొక్కరిని ఏకాంతమున నడుగుడు. ఆనాడే తీర్పు చెప్పక ఒక రాత్రి గడువనిండు. గుంపు కోపము తెల్లవాఱువఱకు నిలుచుట అరుదు. ప్రాణభయ మున్నచో రాత్రియే పోలీసులకు కబురంపి, ఆ మనుష్యుని మీ యింట నుంచుకొనుడు. ఆపత్సమయమున, ఎవరైన వెళ్లి ఆ ముసలమ్మను తీసికొనిరండని యనవలదు. ఎవరైన అన్న పని ఎవ్వరికిని పడదు. పేరుపెట్టి పిలిచి, నీవు ఆ యింటికి పొమ్ము, నీవు ఈ యింటికి పొమ్మని చెప్పుడు.

తుదిగా, వేదాంతులు చెప్పు దశమన్యాయమును జ్ఞాపకము చేసెదను. పదుగురు ఒక నదిని దాటి, అందఱు వచ్చితిమా యని లెక్కపెట్టుకొనిరి. లెక్కించిన ప్రతివాడును తన్ను విడిచి తక్కినవారిని లెక్కించుటచే తొమ్మండుగురే తేలిరి. ఒకరి లెక్కను ఒకరు సరిచూచిరి. పది లెక్కలును ఏకీభవించినవి. అందఱును ఏటిలో పోయిన పదవవాని కొఱకు విలపించిరి. దారిని పోవువాడొకడు వచ్చి, ఆ పదవవాడవు నీవే యని చూపెను. వేదాంతులు దీనిని ఆత్మజ్ఞానమునకై చెప్పుదురు. లోకవ్యవహారమునకును ఇందులో పాఠము కలదు. అందఱు ఏమనుకొందురో యని లెక్కించునపుడు, ఆ అందఱిలో నేనును ఒకడనని మనము మఱచుచున్నాము. మనము ఎవరిని చూచి వెఱచుచున్నామో వారు మనలను చూచియే వెఱచుచున్నారు. మనము నోరు విప్పినచో వారికి తోడు దొరకును. ఊరకున్నచో మన మౌనమే వారికి సాక్ష్యమగును.

కనుక ఊరిలో తప్పు లెక్క జరుగుచున్నపుడు, దారిని పోవువాడెవ్వడో వచ్చి సరిచేయునని ఎదురుచూడవలదు. వరద నాడు, వదంతి నాడు, పంచాయతి నాడు పదవవానిని వెదకునపుడు ముందుగా మన రొమ్ముపై చేయి వేసికొని చూచికొందము.